సీలు తియ్యని పెట్టె

రేసు ట్రాక్ మీద పాలడబ్బా వంపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకుండా బండి తిప్పినవాడు మా జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. అప్పుడు నా నోట్లో చక్కెర పొడి అద్దిన డోనట్ కూడా ఉంది. వంపు ఈ చివర కొరికాను, ఆ చివర మింగాను. చొక్కా మీద ఒక్క రవ్వ రాలలేదు. మిషిగన్‌లో ఈ మూల పుట్టి పెరిగిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలియక చస్తారా, నలభై ఏళ్ళుగా నేనే చెబుతున్నాను.

అందరికంటే ఎక్కువ సార్లు విన్నవాడు నా బావమరిది వెండెల్. మా ఆవిడ అర్లీన్‌కి తమ్ముడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరూరా మంచినీళ్ళ బోర్లు వేసి, భార్య పోయాక ఇల్లు అమ్మేసుకుని, మా మేడమీద గదిలోకి వచ్చి చేరాడు. అరవై రెండేళ్ళవాడు. పెద్దగా మాట్లాడడు. నేను చెప్పే ప్రతి అబద్ధానికీ నవ్వుతాడు. ఈ డోనట్ కథకి మాత్రం నవ్వడు. "ఎంత వేగంలో బావా?" అని అడుగుతాడు. నేను ఏడాదికో అంకె చెప్పేవాడిని.

ఆ ఏడాది వేసవిలో మాకు వాన లేదు. మొక్కజొన్న ఆకులు చుట్టల్లా చుట్టుకుపోయాయి. మా ఏట్లో పట్టిన చేపని దులిపితే దుమ్ము రాలింది. సరిగ్గా ఆ జూన్ నెలలోనే వెండెల్ కారు వచ్చింది.

కారు పేరు కాటమౌంట్. మా తరం వాళ్ళకి ఆ పేరు వింటేనే చెవులు నిక్కబొడుచుకుంటాయి. పొడుగాటి ముక్కు, గాడిదలాంటి బలం, పెట్రోలు తాగడంలో సిగ్గు లేదు. కాని ఈసారి కంపెనీవాళ్ళు చేసింది వేరే రకం. పూర్తిగా రేసు ట్రాక్ కోసం తయారుచేశారు. వెనక సీటు లేదు. కాళ్ళ కింద తివాచీ లేదు. చల్లగాలి మర లేదు. వెనక డిక్కీ మీద పెద్ద రెక్క ఒకటి లేచి నిలబడి ఉంది.

శనివారం పొద్దున ఏడింటికి పెగ్ డోనట్ కొట్టు ముందు కార్లు బారుగా నిలిపి, బానెట్లు ఎత్తి, వెనక మడత కుర్చీలు వేసుకుని కూర్చోవడం మా అలవాటు. వెండెల్ ఆ కారుని అక్కడికి తెచ్చిన మొదటి శనివారం ఎవరూ డోనట్ ముట్టుకోలేదు.

"రేడియో కూడా లేదటగా," అన్నాను.

"ఉంటే నీ మాటలు వినపడకుండా పెట్టుకునేవాణ్ణి బావా," అన్నాడు వెండెల్.

రోలీ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. రోలీ పొలాల మీద మందు చల్లే విమానం నడుపుతాడు. ఏ వస్తువునైనా ఎగిరేదా, ఎగరనిదా అనే చూస్తాడు. "చూడు వెండెల్, మన కార్లు తిన్నగా పోవడానికి పుట్టినవి. ఈ ఎర్రదీపం దగ్గర బయల్దేరాలి, ఆ ఎర్రదీపం దగ్గర ఆగాలి, మధ్యలో పక్కవాణ్ణి ఏడిపించాలి. వంపులు తిరగడానికి ఇటలీ వాళ్ళు, జర్మనీ వాళ్ళు ఉన్నారు కదా. మనకెందుకొచ్చిన బాధ?"

"వాళ్ళు తిరుగుతుంటే మనం చూస్తూ కూర్చోవాలా? పోయిన నెల ట్రాక్ మీద ఈ కారు వాళ్ళ కార్లని నాలుగు సెకన్లు వెనక్కి నెట్టింది."

"నడిపింది ఎవరు? జీతం తీసుకుని నడిపేవాడు. నీలాగ బోర్లు వేసేవాడు కాదు."

కొట్టు నడిపే పెగ్ కాఫీ కూజా పట్టుకుని వచ్చి రెక్క మీద చెయ్యి వేసింది. "ఇస్త్రీ బల్ల బాగుంది. ఆదివారం చర్చికి వెళ్ళే ముందు చొక్కా దీనిమీదే రుద్దుకో."

"అది కారుని నేలకి అదిమిపెడుతుంది పెగ్. వేగం పెరిగేకొద్దీ నలుగురు మనుషులు ఎక్కి కూర్చున్నంత బరువు."

"ఆ నలుగురూ నా కొట్లో కూర్చుంటే నాకు నాలుగు కాఫీలు అమ్ముడయ్యేవి."

ఇలా ఆ వేసవంతా రెండు జట్లయ్యాం. తిన్నని దారి వాళ్ళు ఒక జట్టు, వంపుల వాళ్ళు ఒక జట్టు. నేను ఎటు గెలుస్తుంటే అటు ఉండేవాణ్ణి. కాని ఒక్క విషయంలో మాత్రం మాట మార్చలేదు. అదే పెట్టె.

ఆ కారుకి ముందు భాగం కింద నేలని రాసుకుంటున్నట్టు ఒక నల్లటి పలక ఉంటుంది, పెదవి అంటారు. దాన్ని ఫ్యాక్టరీలోనే బిగించి పంపారు. దానికి జోడీగా వెనక రెక్క అంచున నిలువుగా బిగించే ఒక పట్టీ ఉంది. అది బిగించి ఉంటే కార్లు మోసే లారీ పై అరకి తగులుతుందని, పొడుగాటి అట్టపెట్టెలో పెట్టి సీలు వేసి విడిగా పంపారు. ఆ పెట్టె మీద కారు తయారుచేసిన పదకొండుమంది పనివాళ్ళు నల్ల సిరాతో సంతకాలు పెట్టారు. కారు ఇచ్చేటప్పుడు షాపువాళ్ళు పట్టీ బిగించి ఇవ్వాలి. వెండెల్ బిగించనివ్వలేదు. సీటు మీద ప్లాస్టిక్ తొడుగు కూడా తియ్యనివ్వలేదు. అన్నీ వచ్చినవి వచ్చినట్టే ఇవ్వమని కాగితం మీద సంతకం పెట్టి మరీ తెచ్చుకున్నాడు.

దానికి కారణం నేను. సెప్టెంబరులో మా జిల్లా తిరునాళ్ళలో పాత కార్ల పోటీకి పద్దెనిమిదేళ్ళుగా పెద్ద న్యాయనిర్ణేతని నేనే. చేతికి తెల్ల తొడుగు, పొడుగు కర్రకి అమర్చిన అద్దం, ఇవీ నా ఆయుధాలు. కారు ఫ్యాక్టరీ గుమ్మం దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. బోల్టు బిగించిన పనివాడు దాని తల మీద పసుపు గీత ఒకటి గీస్తాడు. నేను అద్దం కిందకి తోసి ఆ గీత చెదిరిందా అని చూస్తాను. చెదిరితే పాయింట్లు పోతాయి. సీలు తీస్తే ఇంకా పోతాయి. ఆ ఏడాదినుంచి కొత్త కార్లకి కూడా ఒక వరస పెట్టించాను. వెండెల్ దానిమీద కన్నేశాడు. అదొక్కటే అయితే గొడవ ఉండేది కాదు. వాడికి ట్రాక్ మీద నడపాలని కూడా ఉంది. ఆగస్టులో సాండ్ క్రీక్ ట్రాక్ వాళ్ళు ఊళ్ళో వాళ్ళకోసం ఒక రోజు తెరుస్తారు. పాలడబ్బా వంపు ఉన్నది అక్కడే.

జూలై రెండో శనివారం రోలీ ఆ కారు పుస్తకం తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇది చదివావా వెండెల్?"

"ఏముంది అందులో?"

"ట్రాక్ మీదకి వెళ్తే ముందు పెదవీ వెనక పట్టీ రెండూ ఉండాలట. లేదా రెండూ ఉండకూడదట. ఒకటి ఉండి ఒకటి లేకుండా నడపొద్దని ముద్ద అక్షరాలతో రాశారు. ముందు భాగం నేలకి అతుక్కుంటుంది, వెనక తేలిపోతుంది. నా విమానానికి తోక కోసేసి ఎగరమన్నట్టు ఉంటుంది."

"అంత పెద్ద రెక్క ఉందిగా రోలీ. జానెడు ఎత్తు పట్టీ లేకపోతే ఏం మునిగిపోతుంది?"

"ఆ జానెడూ ఎందుకు పెట్టారో నీకు తెలీదు, నాకు తెలుసు. పోనీ, ముందుదే ఊడదీసెయ్. ఆరు బోల్టులు."

వెండెల్ నా వైపు చూపించాడు. "గీతలు చెదురుతాయి. మా బావ అద్దం పెట్టి చూస్తాడు."

అందరూ నవ్వారు. రోలీ నవ్వలేదు. నన్ను అడిగాడు, "నిజంగా పాయింట్లు కొట్టేస్తావా ఎల్డన్? ట్రాక్ కోసం తీసి మళ్ళీ పెట్టుకుంటే కూడానా?"

అప్పుడు నేను లేదు అని ఉంటే సరిపోయేది. రెండక్షరాలు. కాని ఎదురుగా పన్నెండుమంది కూర్చున్నారు, నా పద్దెనిమిదేళ్ళ పేరు కూడా కూర్చుంది.

"ఒక్కో బోల్టుకి రెండు," అన్నాను. "మా ఆవిడ తమ్ముడైతే మూడు."

మళ్ళీ నవ్వారు. వెండెల్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

పెట్టె మేడ మెట్లు ఎక్కదు. మలుపు తిరగదు. అందుకని మా ముందుగదిలో గోడకి చేరేసి నిలబెట్టాం. మనిషంత పొడుగుంది. అర్లీన్‌కి అది నచ్చలేదు. వంటింట్లోంచి వచ్చిన ప్రతిసారీ ఎవరో నిలబడి ఉన్నట్టు ఉలిక్కిపడేది. దానిమీద పాత దుప్పటి కప్పింది. కప్పాక ఇంకా అధ్వాన్నంగా ఉంది. ఇప్పుడు ఎవరో దుప్పటి కప్పుకుని నిలబడినట్టుంది. కాసేపయ్యాక ఆవిడే తీసేసింది.

ఒకరోజు మధ్యాహ్నం వెండెల్ పొలాల మధ్య దారిలో కారు తిప్పి వచ్చి, వంటింట్లో నీళ్ళు తాగుతూ అన్నాడు, "నూటపది దాటాక వెనక భాగం కొంచెం తేలినట్టు ఉంటోంది బావా. ఎవరో నడుం కింద చేతులు పెట్టి ఎత్తుతున్నట్టు."

"భయం వేసిందా?"

"లేదు. బాగుంది." గ్లాసు కడిగి బోర్లించాడు. "నీకూ అలాగే అనిపించిందా, ఆ వంపులో?"

"అచ్చం అలాగే," అన్నాను.

వాడు మేడ మీదకి వెళ్ళాక అర్లీన్ బఠాణీలు వలవడం ఆపి నా వైపు చూసింది.

"వాడికి చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"నువ్వు నడిపిందేంటో."

సరే, మీకు కూడా చెప్పేస్తాను. పాలడబ్బా వంపులో నేను నడిపింది నీళ్ళ ట్యాంకరు. వేసవిలో దుమ్ము లేవకుండా ట్రాక్ పక్కన మట్టి తడపడానికి నన్ను రెండు నెలలు పెట్టుకున్నారు. గంటకి ఇరవై మైళ్ళు. కాలు తియ్యలేదన్నది అక్షరాలా నిజం. ఇరవైలో పోయేవాడికి తియ్యాల్సిన అవసరం ఏముంది? డోనట్ కూడా నిజం. ఆ వేగంలో డోనటే కాదు, పెళ్ళి భోజనం తినొచ్చు. ఇన్నేళ్ళు మోశాక దించేస్తుంటే భుజాలు తేలికయ్యాయి.

"వాడు నమ్మడంలేదులే అర్లీన్. అందరికీ తెలుసు అవి కోతలని."

"అందరికీ తెలుసు. వాడికి తెలీదు." మళ్ళీ బఠాణీలు అందుకుంది. "నీ కథల్లో వాడు ఇదొక్కటే నమ్మాడు. ఎందుకో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ట్రాక్‌కి వెళ్ళే లోపల చెబుతానని మాటిచ్చాను. అప్పటికి ఇంకా పదహారు రోజులున్నాయి. పదహారు రోజులూ వాడూ నేనూ కలిసే అన్నం తిన్నాం.

ఆగస్టు మూడో శనివారం సాండ్ క్రీక్‌కి వెళ్ళాం. పెగ్ కొట్టుకి తాళం వేసి మరీ వచ్చింది. వెండెల్ పెట్టెని కూడా తెమ్మన్నాడు. కారు పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకోవాలట. నా పికప్ ట్రక్కులో వేసుకుని తెచ్చాను. ఫోటో అయ్యాక పెట్టెని కంచెకి చేరేశాం, వాడి కారుకి పదడుగుల దూరంలో. గాలి లేదు. అవతల గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి గుంజకి అతుక్కుని వేలాడుతోంది. రోలీ దాన్నే చూస్తున్నాడు.

కార్లు తనిఖీ చేసే అమ్మాయి జాబితా పట్టుకుని వచ్చింది. చక్రాల బోల్టులు చూసింది, బ్రేకు తొక్కించింది, హెల్మెట్ లోపల చీటీ చదివింది. వెనక రెక్కని రెండు చేతులతో పట్టుకుని ఊపింది. కదల్లేదు. టిక్కు పెట్టింది. లేనిదాన్ని చూడమని ఆ జాబితాలో రాసి లేదు.

"నువ్వు చెబితే వింటాడు," అన్నాడు రోలీ నా చెవి దగ్గర. "నేను చెబితే పైలట్ గోల అంటాడు. ఆ వంపుకి ముందే కాలు తియ్యమను. లోపలికి వెళ్ళాక వెనక భాగం జారిందని భయపడి తీశాడో, కారు తిరిగిపోతుంది. ముందే తియ్యాలి."

"చెబుతాను."

"ఇప్పుడు చెప్పు. కార్లు వదులుతున్నారు."

వెండెల్ అప్పటికే బెల్టు బిగించుకుని కూర్చున్నాడు. ఇంజను మోతకి కంచె తీగ నా వేళ్ళ కింద వణికింది. నేను కంచె దాటి పరుగులాంటి నడకతో వెళ్ళి కారు తలుపు మీద చరిచాను. హెల్మెట్ లోంచి వాడి కళ్ళు కనిపించాయి. "నేను నడిపింది నీళ్ళ బండిరా," అని అరిచాను. "వెనక పట్టీ లేదు. వంపుకి ముందే కాలు తియ్యి." ఆ మోతలో వాడికి ఎంత వినపడిందో తెలీదు. బొటనవేలు ఎత్తి చూపించాడు. జెండా ఊపారు. వెళ్ళిపోయాడు.

మొదటి మూడు చుట్లు నెమ్మదిగానే తిప్పాడు. అర్లీన్ ఒడిలో చేతులు పెట్టుకుని మడత కుర్చీలో కూర్చుంది. పాలడబ్బా వంపు మాకు కనిపించదు, మధ్యలో మట్టిగుట్ట ఉంది. శబ్దం మాత్రం వినపడుతుంది. కారు గుట్ట వెనక్కి వెళ్తుంది, మోత కొంచెం తగ్గుతుంది, వంపు దాటాక మళ్ళీ లేస్తుంది, కారు బయటికొస్తుంది. అందరి కార్లకీ అలాగే.

నాలుగో చుట్టులో వెండెల్ మా ముందునుంచి వెళ్ళినప్పుడు పెగ్ చేతిలో కాఫీ వణికింది. "అబ్బో, మీవాడు నిద్ర లేచాడు," అంది.

మోత గుట్ట వెనక్కి వెళ్ళింది. ఈసారి తగ్గలేదు. అలాగే నిండుగా వంపులోకి వెళ్ళింది. అప్పుడు ఒక్కసారిగా తెగింది.

మేము వింటూ కూర్చున్నాం. వెనక వస్తున్న రెండు కార్లు నెమ్మదించిన చప్పుడు వినపడింది. గుట్ట మీద మనిషి ఎర్ర జెండా ఎత్తాడు. అర్లీన్ లేచి, కుర్చీ మడిచి, కంచెకి ఆనించి, నడవడం మొదలుపెట్టింది.

వెండెల్ బతికాడు. తుంటి ఎముక మూడు చోట్ల, ఎడమ కాలు రెండు చోట్ల విరిగాయి. ఎడమ కన్ను పోయింది. ఆస్పత్రిలో ఏడు వారాలున్నాడు. వాడు మెట్లు ఎక్కలేడు కాబట్టి ముందుగదిలో మంచం వేశాం. నేను ఆ ఏడాది పోటీకి వెళ్ళలేదు. అద్దం కర్ర గరాజులో ఎక్కడుందో కూడా చూడలేదు.

ఇంటికి తెచ్చిన వారానికి వెండెల్ పెట్టె అడిగాడు. గరాజులోంచి అర్లీనే తెచ్చింది. వంటింటి కత్తితో సీలు కోసింది. పదకొండు సంతకాల్లో నాలుగు మధ్యకి తెగాయి. లోపల నల్లటి పట్టీ, ఎనిమిది మరలు, అరచేతిలో పట్టే చిన్న రెంచి, ఒక కాగితం ఉన్నాయి. అర్లీన్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం పైకి చదివింది. ఏ మర ముందు బిగించాలో, ఏది తర్వాతో వరసగా చదివింది. చివరి వాక్యం కూడా అదే గొంతుతో చదివింది. మొత్తం పావుగంట పని.

వెండెల్ పట్టీని దుప్పటి మీద పెట్టుకుని వేళ్ళతో రాస్తూ కూర్చున్నాడు.

"ఆ పొద్దున సంగతి నాకేమీ గుర్తులేదు బావా," అన్నాడు. "ఫోటో తీసుకోవడం వరకే గుర్తుంది. ఎవరూ నాకు చెప్పలేదా?"

"నేను చెప్పాను," అన్నాను. "తలుపు కొట్టి మరీ చెప్పాను. హెల్మెట్‌లో నీకు వినపడలేదు."

వాడు తలూపాడు. చాలాసేపు ఊపాడు. "అయితే నాదే తప్పు," అన్నాడు. ఆ మాట అనగానే వాడి ముఖం కొంచెం తేటపడింది. అప్పటినుంచి ఎవరొచ్చినా అదే చెబుతాడు. చక్రాల కుర్చీలో పెగ్ కొట్టుకి తీసుకెళ్తే అక్కడా అదే చెబుతాడు. మా బావ కారు దాకా వచ్చి చెప్పాడు, నేనే వినలేదు. అందరూ నా భుజం తడతారు. రోలీ మాత్రం కాఫీలో చెంచా తిప్పుకుంటూ ఉంటాడు. ఆ పొద్దున అతను నా పక్కనే ఉన్నాడు.

నేను చెప్పేవాటిలో అబద్ధం ఎక్కడుందని ఊరంతా వెతుకుతుంటారు. ఈసారి మీకు ఆ శ్రమ వద్దు. దుమ్ము రాలిన చేప మీద మీకు అనుమానం ఉండొచ్చు, దాన్ని వదిలెయ్యండి. బోల్టుకి రెండు పాయింట్లన్న మాట నేను అన్నదే. పదహారు రోజుల అన్నాలు తిన్నవే. పావుగంట అని కాగితం మీద ఉంది, కావాలంటే అర్లీన్ చూపిస్తుంది. నేను కల్పించింది ఒక్కటే. కారు దగ్గరికి నేను వెళ్ళలేదు. వెళ్ళి చెబితే వాడు దిగేవాడు, దిగి అందరి ముందూ ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగేవాడు. కంచె ఇవతలే నిలబడి చెయ్యి ఊపాను. వెండెల్ నన్ను చూసి, తనూ ఊపాడు.